చెయ్యి పాత స్విచ్ దగ్గరికే వెళ్తోందా?

ప్రశ్న: మేడమ్ గారూ, రెండు నెలల్లో నాకు ఉద్యోగం మారింది, ఇల్లు మారింది, బాబు స్కూల్ కూడా మారింది. అన్నీ మేం కోరుకున్నవే, ఎవరూ బలవంతపెట్టలేదు, అయినా సాయంత్రమయ్యేసరికి ఒంట్లో ఓపికుండదు, ఊరికే ఏడుపొస్తుంది. మైండ్‌ఫుల్‌నెస్ చెయ్యి అని ఫ్రెండ్ ఒక యాప్ వేసిచ్చింది. కళ్ళు మూసుకుని కూర్చుంటే ప్రశాంతత మాట దేవుడెరుగు, గుండె ఇంకా దడదడలాడుతోంది. ఇది నాకు పడదా, లేక నేనే తప్పు చేస్తున్నానా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పేం చెయ్యట్లేదండీ. ముందు ఆ ఏడుపు సంగతి చూద్దాం. 1967లో హోమ్స్, రాహే అని ఇద్దరు డాక్టర్లు మనిషి జీవితంలో వచ్చే 43 మార్పులకి స్ట్రెస్ మార్కులేసి ఒక లిస్టు తయారుచేశారు, అందులో ఇల్లు మారడానికి 20, పెళ్ళికి 50, ఆఖరికి వెకేషన్‌కి కూడా 13 ఉన్నాయి. అంటే మంచి మార్పా చెడ్డ మార్పా అన్నది కాదు, కొత్తదానికి సర్దుకోవడమే ఒంటికి పని. "కోరుకున్నదేగా, మళ్ళీ ఏడుపెందుకు" అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు చూశారూ, అది అసలు బరువు మీద ఇంకో బరువు.

ఇక మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం. దీన్ని ప్రశాంతత అనుకోవడం దగ్గరే చాలామందికి తేడా కొడుతుంది, యాప్‌ల వాళ్ళు కూడా అలాగే అమ్ముతున్నారు లెండి. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో దీనికి మూలమైన మాట సతి, సంస్కృతంలో స్మృతి, అంటే గుర్తుండటం. మన తెలుగులో ఎరుక అని చక్కటి మాట ఉండనే ఉంది. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో, మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు మొదలుపెట్టింది కూడా మందులతో నొప్పి పూర్తిగా తగ్గని వాళ్ళని దృష్టిలో పెట్టుకునే. నొప్పి ఉండగానే ఎలా ఉండాలి అన్నది అక్కడి పాఠం. కాబట్టి గుండె దడ తెలిసిందంటే మీకు ఎరుక వచ్చినట్టే, కాకపోతే ఇప్పుడు ఆ దడ మీదే కూర్చోవాల్సిన పని లేదు. కళ్ళు తెరిచే ఉంచండి, పాదాలు నేలకి ఆనిన చోట దృష్టి పెట్టండి, ఊపిరి తీసుకున్నదాని కంటే వదలడం కాస్త నిదానంగా చెయ్యండి, ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది. నాలుగైదు సార్లు చాలు. యాప్‌ని కొన్నాళ్ళు పక్కన పెట్టేసినా నష్టం లేదు.

నా అభిప్రాయం ఏంటంటే మార్పులో ఉన్నవాళ్ళకి వేరే గంట కొట్టి గుర్తుచేసేవాళ్ళు అక్కర్లేదు. కొత్తింట్లో చీకట్లో మీ చెయ్యి పాత ఇంట్లో స్విచ్ ఉన్న వైపుకే వెళ్తుంటుంది కదా? ఆఫీసులో పాత పాస్‌వర్డ్ కొట్టేస్తుంటారు కదా? పాత ఇంట్లో ఇవన్నీ మనసు పెట్టకుండానే జరిగిపోయేవి, ఇప్పుడు ప్రతిదానికీ మనసు పెట్టాల్సొస్తోంది, మీ అలసటలో సగం ఇదే అయ్యుంటుంది. ఆ తడబాటు వచ్చినప్పుడు చిరాకు పడేబదులు ఒక్క క్షణం ఆగండి, "ఓహో, చెయ్యి ఇంకా ఆ ఇంట్లోనే ఉంది" అనుకోండి, లైటేసి మీ పని మీరు చూసుకోండి. అంతే, అదే ప్రాక్టీస్. పాత ఇల్లు గుర్తొచ్చి కాస్త దిగులేస్తే వెయ్యనివ్వండి, దాన్ని తరిమెయ్యాలని కూర్చుంటే అదే ఇంకో ఉద్యోగం అవుతుంది.

21 రోజుల్లో అలవాటైపోతుంది అని ఎవరైనా చెప్తే నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు 96 మందితో చేసిన స్టడీలో ఒక చిన్న పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా కొంప మునగలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ ఏడుపు దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటినా, నిద్ర పట్టకపోయినా, డాక్టర్‌ని కలవండి. ఎరుక మందుకి బదులు కాదు.

ప్రశ్న: ఈమధ్యే రిటైరయ్యాను. టైముంది కదా అని గంటసేపు ధ్యానంలో కూర్చుంటే పది నిమిషాలకే కునుకు పట్టేస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు: నిద్రొస్తే పడుకోండి సార్, తర్వాత చూసుకుందాం! మీది పైన రాసినావిడకి రివర్స్ కేసు, ఆవిడకి అడుగడుగునా ఏదో ఒక కొత్త అడ్డం తగులుతోంది, మీకు ఏదీ తగలడం లేదు. గంటసేపు కూర్చోవడం మానేసి, ఇదివరకు రోజూ ఆఫీసుకి బయల్దేరిన టైముకి ఏం జరుగుతోందో గమనించండి. ఒళ్ళు దానంతటదే లేస్తుంది, కళ్ళు గడియారం వైపు పోతాయి, చెయ్యి జేబులో తాళాలు వెతుకుతుంది. సరిగ్గా అప్పుడు చెప్పులేసుకుని ఫోన్ ఇంట్లోనే వదిలేసి పది నిమిషాలు నడిచి రండి, అడుగు నేలకి తగలడం మీద ధ్యాస పెట్టి. నడుస్తూ నడుస్తూ కునుకు తియ్యడం ఎవరి వల్లా కాదు కదా.