మీటింగ్ అయ్యాక కబుర్లు: అమ్మాయి సమయం వృథా చేస్తోందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ చదివి, రెండేళ్లు ఒక సంస్థలో పనిచేసి, ఏడాది కిందట సొంతంగా పని మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక బిజినెస్ నెట్‌వర్కింగ్ గ్రూపులో, అంటే వేర్వేరు వృత్తులవాళ్లు కలుసుకుని ఒకరికొకరు పనులు ఇప్పించుకునే గ్రూపులో, చేరింది. వారం వారం పొద్దున్నే మీటింగ్. అది గంటన్నరలో అయిపోతుంది కానీ, తను ఇంకో గంట అక్కడే కబుర్లు చెప్పి వస్తుంది. గ్రూపు వాళ్ల పిక్నిక్‌లకూ, పార్టీలకూ వెళ్తోంది. ఇంతవరకు వచ్చినవి రెండే చిన్న పనులు. ఫీజూ, సమయమూ రెండూ పోతున్నాయని నా బాధ. అది మానేసి మళ్లీ ఉద్యోగం చూసుకోమని చెప్పాలా?
– ఒక తండ్రి

జవాబు: మానేయమనకండి, కనీసం ఇప్పుడే వద్దు. మీరు వృథా అనుకుంటున్న ఆ గంటలోనే ఇలాంటి గ్రూపుల్లో అసలు పని జరుగుతుంది. కాకపోతే ఆ గంట ఎవరితో గడుస్తోంది, ఏం మాట్లాడుతూ గడుస్తోంది అన్నది చూసుకోవాలి. మీ అనుమానానికి ఆధారం ఉంటే అక్కడే ఉంటుంది.

మీటింగ్ ఎలా సాగుతుందో ముందు చూద్దాం. 1985లో అమెరికాలో ఐవాన్ మైస్నర్ మొదలుపెట్టిన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) ఈ తరహా గ్రూపుల్లో బాగా పేరున్నది. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరికే చోటు, వారం వారం సమావేశం, తమ పని గురించి చెప్పుకోవడానికి ఒక్కొక్కరికీ కొద్ది క్షణాలు. చాలా గ్రూపులు ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తాయి. ఆ కొద్దిసేపట్లో మీ అమ్మాయి తానేం చేస్తుందో చెప్పగలదు. నాలుగు వారాలు తిరిగేసరికి అది అందరికీ తెలిసిపోతుంది కూడా. తనను నమ్మి పని అప్పగించవచ్చా అన్నది మాత్రం ఎవరూ నిలబడి ఉపన్యాసంలో చెప్పుకోలేరు.

ఇప్పుడు పని ఇప్పించేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. అదే గ్రూపులో ఒక అకౌంటెంట్ ఉన్నారనుకుందాం. ఆయన పాత క్లయింటు ఒకరు కొత్త ఆఫీసు తీసుకుంటున్నారు, డిజైనర్ కావాలన్నారు. మీ అమ్మాయి పేరు చెప్పడానికి ఆయనకు పైసా ఖర్చు లేదు. కానీ పని చెడితే మాట పడేది ఆయన. ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న క్లయింటు కూడా చేజారవచ్చు. అందుకే ఆయన తొందరపడరు, గమనిస్తుంటారు. మీటింగ్ అయ్యాక కప్పు పట్టుకుని నిలబడి, "ఈ మధ్య పనులెలా ఉన్నాయమ్మా?" అని అడుగుతారు. ఒక ఇంటి యజమాని గోడ రంగు మళ్లీ మార్పించిన సంగతి చెబుతుంది అమ్మాయి.

"ఆయనకేం కావాలో ఆయనకే తెలీదండీ, ప్రాణం తీశాడు" అనవచ్చు. లేదా, "చిన్న శాంపిల్ చూసి ఒప్పుకున్నారండీ, గోడంతా వేశాక ముదురుగా అనిపించిందట. ఇప్పుడు గోడ మీదే రెండడుగుల మేర వేసి, పగటి వెలుగులో ఒకసారి, రాత్రి లైట్లలో ఒకసారి చూపించాకే ఖాయం చేస్తున్నాను" అనవచ్చు. రెండో మాట విన్న అకౌంటెంట్‌కు కావలసింది దొరికింది. సమస్య వస్తే ఈ అమ్మాయి నెపం ఎదుటివాళ్ల మీదికి నెట్టదని ఆయనకు తెలిసింది. ఇది విజిటింగ్ కార్డులో దొరికే సమాచారం కాదు.

మీ అమ్మాయికి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. డిజైనర్ జనం పడకగదుల దాకా వెళ్తుంది. ఎవరింట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంది, ఎవరు ఎవరి మాట వినడం లేదు, అన్నీ కంటపడతాయి. కబుర్లలో అవి ఒక్కసారి దొర్లినా చాలు, వినేవాళ్లు నవ్వుతూనే వింటారు, తమ ఇంటికి మాత్రం పిలవరు. పని విషయాలు చెప్పేటప్పుడు కూడా అది ఎవరి ఇల్లో తెలియకుండా చెప్పడం అలవాటు కావాలి.

వ్యాపార బృందాల్లో స్నేహానికి ఇంత చోటుండటం కొత్తేమీ కాదు. రోటరీ క్లబ్‌నే చూడండి. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి దాన్ని మొదలుపెట్టారు. ఆ ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజినీరు, ఒకరు దర్జీ దుకాణం యజమాని. చిన్న ఊళ్లో పెరిగిన హారిస్‌కు ఆ మహానగరంలో కరువైంది ఆత్మీయత. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుసుకునేవారు కాబట్టే, తిరుగుతూ ఉండేది అనే అర్థంలో రోటరీ అన్న పేరు వచ్చింది. తొలినాళ్లలో ఒకరికొకరు వ్యాపారం ఇచ్చుకోవడం కూడా అక్కడ మామూలే.

మరి మీ అనుమానం ఎక్కడ నిజం కావచ్చు? ప్రతి వారం అదే నలుగురితో, అదే మూల నిలబడి కబుర్లాడుతుంటే. కొలంబియా యూనివర్సిటీకి చెందిన పాల్ ఇంగ్రామ్, మైఖేల్ మోరిస్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒక పార్టీకి వచ్చిన వ్యాపార రంగం వాళ్లకు ఎలక్ట్రానిక్ ట్యాగులు పెట్టి ఎవరు ఎవరితో మాట్లాడారో నమోదు చేశారు. కొత్తవాళ్లను కలవడమే ముఖ్యమని ముందు చెప్పినవాళ్లు కూడా, తీరా లోపలికి వెళ్లాక ఎక్కువగా తెలిసినవాళ్ల దగ్గరికే చేరారు. అది మనిషి నైజం, తప్పు పట్టడానికేం లేదు. కానీ ఫలితం వేరేచోట ఉంది. ఉద్యోగాలు మారినవాళ్లను మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రశ్నించి 1973లో రాసిన వ్యాసం ప్రకారం, పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఆ పరిచయస్థుణ్ని తరచూ కలిసేవాళ్లు దాదాపు 17 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు దాదాపు 56 శాతం, అరుదుగా కలిసేవాళ్లు దాదాపు 28 శాతం. దగ్గరివాళ్లకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు దూరపు పరిచయాల నుంచి వస్తుంది. ఆయన చూసింది ఉద్యోగాలనే అయినా, పని దొరకడం విషయంలోనూ ఇదే తీరు ఉండొచ్చు.

కాబట్టి స్నేహితులతో పావుగంట మాట్లాడాక, ఇంతవరకు సరిగా మాట్లాడని ఒకరి దగ్గరికి వెళ్లమనండి. ఎవరి దగ్గరికన్నది కూడా ఆలోచించాలి. ఇల్లు కొనేవాళ్లు డిజైనర్ కన్నా ముందే రియల్ ఎస్టేట్ ఏజెంటునూ, హోమ్ లోన్ ఇచ్చేవాళ్లనూ, ఆర్కిటెక్టునూ కలుస్తారు. గ్రూపులో ఆ పనుల్లో ఉన్నవాళ్లెవరో చూసుకుని, వాళ్లతో విడిగా ఒకసారి కూర్చోవాలి. వెళ్లగానే తన పని అమ్ముకోకూడదు. మీకు ఎలాంటి క్లయింట్లు కావాలి, ఏం చూస్తే నేను మీ పేరు గుర్తుపెట్టుకుని చెప్పొచ్చు అని అడగాలి. తను వాళ్లకు ఒక పని చూపించగలిగితే ఇంకా మంచిది. తను పనిచేసే ఇళ్లలో ఎలక్ట్రీషియన్, కర్టెన్లవాళ్లు, ఇన్సూరెన్స్‌వాళ్లు ఎవరో ఒకరు అవసరమవుతూనే ఉంటారు కదా.

రెండే పనులు వచ్చాయన్న బెంగ నాకు అర్థమైంది. కానీ ఇల్లు అలంకరించుకోవడం ఏటా చేసే పని కాదు. ఈ వారం పరిచయమైన మనిషికి ఆ అవసరం ఏడాది తర్వాత రావచ్చు. ముద్రణ పనులో, పూల అలంకరణో చేసేవాళ్లతో పోలిస్తే తన రంగంలో ఆలస్యం సహజం. ఆ రెండు చిన్న పనులు ఎవరి ద్వారా వచ్చాయో కనుక్కోండి. మీటింగ్ తర్వాత మాటల్లో పరిచయం పెరిగినవాళ్ల ద్వారానే అయితే దారి సరిగానే ఉందని అర్థం.

మీరు ఉత్తరంలో రాయలేదు కానీ, ఆడపిల్ల తండ్రిగా మీ మనసులో ఇంకో భయం ఉండొచ్చు. సాయంత్రం పార్టీలకు వెళ్లినంత మాత్రాన మందు తాగాలనీ, ఆఖరిదాకా ఉండాలనీ లేదు. అరగంట ఉండి నలుగురిని పలకరించి వచ్చేసినా వెళ్లిన పని నెరవేరుతుంది. విడిగా కలిసేది పగటి పూట, ఆఫీసులోనో నలుగురూ ఉండే చోటో పెట్టుకోవచ్చు. దీనికి ముఖం చిట్లించే మనిషితో వ్యాపారం చేయకపోవడమే మేలు. గ్రూపు మొత్తం అలాగే ఉంటే నేనే మానేయమంటాను.

ఉద్యోగం సంగతికొస్తే, చేతిలో డబ్బు ఆడక ఇబ్బందిగా ఉంటే వేరే సంస్థకు పార్ట్‌టైమ్‌గా డ్రాయింగులు చేసిపెట్టవచ్చు. అందుకోసం గ్రూపు వదులుకోనక్కర్లేదు. వారం వారం "ఎన్ని పనులొచ్చాయి?" అని అడగడం మాత్రం ఆపేయండి. "ఈసారి కొత్తగా ఎవరితో మాట్లాడావు, వాళ్ల పనేమిటి?" అని అడగండి. సభ్యత్వం రెన్యువల్ వచ్చేనాటికి, అమ్మాయి పేరు ధైర్యంగా మరొకరికి చెప్పగల మనుషులు గ్రూపులో ఎందరున్నారో ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి. నలుగురైదుగురు తేలితే ఇంకో ఏడాది కట్టండి. ఒక్కరూ తేలకపోతే ఆ డబ్బు ఆపి, వేరే గ్రూపును అతిథిగా వెళ్లి చూసి రమ్మనండి. చాలా గ్రూపులు చేరకముందే ఒకటి రెండుసార్లు అలా రానిస్తాయి.