ఎంటీబీ (మౌంటెన్ బైక్) సైకిల్‌ని రోజూ తారు రోడ్డు మీద ఆఫీసుకు తొక్కాలంటే ఎలాంటి టైర్లు వేయించాలి?

గుబ్బల టైర్లు తీసేసి, 1.5 నుంచి 2 అంగుళాల వెడల్పున్న నున్నటి స్లిక్ టైర్లు, లోపల పంక్చర్‌ను అడ్డుకునే పొర ఉన్నవి వేయించండి.

తారు మీద దొర్లేటప్పుడు ఒక్కో గుబ్బా నొక్కుకుని, వంగి, మళ్లీ లేస్తుంది. ఆ వంగడానికి ఖర్చయ్యేది మీ కాళ్ల బలమే. బర్రుమనే ఆ చప్పుడు కూడా దానిదే. పైగా బరువంతా గుబ్బల కొసల మీదే పడి అవి త్వరగా అరిగిపోతాయి.

ఉదాహరణకు, 26 అంగుళాల చక్రాల సైకిల్ మీద భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లేవాళ్లకు 26×1.75 స్లిక్ చక్కగా సరిపోతుంది. కొనేముందు పాత టైరు పక్క భాగం (సైడ్‌వాల్) చూడండి: 47-559 లాంటి అంకెలు ఉంటాయి. రెండోది, అంటే రిమ్ కొలత చెప్పే 559, కొత్త టైరు మీదా అదే ఉండాలి. 27.5 అంగుళాల చక్రానికి అది 584, 29కి 622. గాలి కూడా అక్కడ రాసిన పరిమితి దాటకూడదు. మరీ రాయిలా కొట్టిస్తే గతుకుల్లో సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, వేగమేమీ పెరగదు.

నున్నటి టైరు వానలో జారుతుందని చాలామంది భయం. కారు టైరులా నీటి మీద తేలిపోవడం సైకిల్ వేగానికి జరగదు. తడి తారును పట్టుకునేది రబ్బరే, గుబ్బలు కాదు. గుబ్బలు పనికొచ్చేది బురదలో. మీ దారి సగం కాలవ గట్టు మీదుగా అయితే మాత్రం మధ్యలో నున్నగా, అంచుల్లో గుబ్బలున్న సెమీ స్లిక్ తీసుకోండి.