ఫార్మాట్ చేయించే ముందు బ్యాటరీ చూడండి

ప్రశ్న: తిరుపతి బాలాజీ కాలనీలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ ఆపేస్తాము. కొంతకాలంగా పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే ఎఫ్1 నొక్కమంటోంది, తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. ఇప్పుడైతే విండోస్ 10 గుర్తు వచ్చి, చుక్కలు కాసేపు తిరిగి, నీలిరంగు తెర ఒక్క క్షణం మెరిసి, మళ్లీ మొదటికి వస్తోంది. హార్డ్ డిస్క్ పోయిందనీ ఫార్మాట్ చేయక తప్పదనీ మెకానిక్ అంటున్నారు. పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. వేరే దారి లేదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఫార్మాట్‌కు ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు మాటవరసకు రాసిన తేదీ సంగతే ఇక్కడ అసలు ఆధారం. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది నీరసించాక మెయిన్ ఆపిన ప్రతిసారీ గడియారంతో పాటు బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు పనిచేసే ప్రోగ్రాం) సెట్టింగులు కూడా కంపెనీ ఇచ్చిన తొలి స్థితికి వెళ్లిపోవచ్చు. వాటిలో సాటా మోడ్, అంటే డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి, ఒకటి. ఏహెచ్‌సీఐ, ఐడీఈ, రెయిడ్ అందులో రకాలు. విండోస్ ఎక్కించిన రోజున అది ఏహెచ్‌సీఐలో ఉండి, ఇప్పుడు ఐడీఈకో రెయిడ్‌కో మారితే మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి. మొదటి దశలో డిస్క్‌ను బయోస్ ద్వారా చదువుతారు కనుక గుర్తు వరకూ బాగానే వస్తుంది. ఆ తర్వాత విండోస్ తన సొంత డ్రైవర్‌తో (డిస్క్‌ను నడిపే చిన్న ప్రోగ్రాంతో) చదవబోయి, మారిన మోడ్‌కు తగిన డ్రైవర్ సిద్ధంగా లేక ఆగిపోతుంది. ఫైళ్లు మాత్రం చెక్కుచెదరవు.

నిర్ధారించుకోవడానికి నీలి తెర మీది కోడ్ చదవాలి. వరుసగా రెండు మూడుసార్లు విఫలమయ్యాక వచ్చే రిపేర్ తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా రీస్టార్ట్ నొక్కి, 9వ అంకె ఎంచుకుంటే తనంతట తాను రీస్టార్ట్ కావడం ఆగి కోడ్ నిలిచి కనిపిస్తుంది. ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని ఉంటే అనుమానం బలపడినట్టే.

ముందుగా బ్యాటరీ మార్చండి, ఆ తర్వాతే సెట్టింగుల జోలికి వెళ్లండి. తారుమారు చేస్తే పడిన శ్రమ వృథా. పవర్ వైరు పీకి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, పాత బిళ్ల ఏ వైపు పైకి ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టండి. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, తేదీ సరిచేసి, ఇప్పుడున్న సాటా మోడ్‌ను కాగితం మీద రాసుకున్నాక ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేయండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ పెట్టుకుని ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, అది దగ్గర ఉంచుకోండి.

అప్పటికీ తెరుచుకోకపోయినా, డిస్క్ నుంచి టకటక చప్పుడు వస్తున్నా, ఇక ప్రయోగాలు మాని డిస్క్ తీసి మరో కంప్యూటర్‌కు తగిలించి ముందు ఫైళ్లు కాపీ చేయించండి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఎప్పుడైనా మళ్లీ ఎక్కించుకోవచ్చు. కోడ్ వేరొకటి కనిపిస్తే దాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపండి. కారణం ర్యామ్‌లోనో డ్రైవర్‌లోనో ఉండవచ్చు.