పాలో శాంటో బ్రౌన్ ఏల్‌లో అగరొత్తుల వాసన: సమాధానం

తమ్ముడూ, పాలో శాంటో అనే సువాసన చెక్క పుల్లలు వేసిన నీ బ్రౌన్ ఏల్‌లో (ముదురు రంగు బీరు) అగరొత్తుల వాసన ఎందుకొస్తోంది, ఏం చెయ్యాలి అని అడిగావు కదా. అమెరికాలో కాచి సెలవులకి శ్రీకాకుళం తెచ్చిన ఆ సీసా రుచి చూశాను. ఏల్ బాగుంది, మన బెల్లం రుచి చక్కగా పట్టింది. కానీ నువ్వన్నట్టే గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే నిమ్మతొక్క, అగరొత్తుల వాసన గుప్పుమంటోంది. దానికి కారణం చెక్కే.

అమెరికాలో బీరు తయారుచేసే డాగ్‌ఫిష్ హెడ్ కంపెనీ వాళ్లు తమ 12 శాతం ఆల్కహాల్ బ్రౌన్ ఏల్‌ని ఊరబెట్టింది పరాగ్వే పాలో శాంటో చెక్కతో కట్టిన పెద్ద పీపాలో. ఆ చెట్టు బుల్నీసియా సార్మియెంటోయ్. బాగా చేవ తేలిన బరువు చెక్క, వెనిలా, కారమెల్ వాసనలిస్తుంది. నువ్వు ఆన్‌లైన్లో కొన్న ధూపం పుల్లలు బర్సెరా గ్రావియొలెన్స్. పేరొకటే గానీ చెట్టు వేరు.

పుల్లలకి అత్తరు పూసుంటే మొత్తం పారబోసెయ్, ఆలోచించకు. పూయనివైతే అమెరికా వెళ్లగానే కెగ్‌లోంచి (బీరు నిలవుంచే డబ్బా) తీసెయ్. ఇంగువ ఎక్కువైన పప్పుచారుకి ఇంకాస్త చారు కలిపినట్టే, చెక్క వెయ్యని బ్రౌన్ ఏల్ ఇంకో విడత కాచి కలుపు. ముందు గ్లాసుల్లో చూడు: 100 మిల్లీలీటర్ల పాతదానికి ఒకదాంట్లో 50, ఇంకోదాంట్లో 100, మరోదాంట్లో 200 కొత్తది. నచ్చిన పాళ్లలోనే కెగ్గంతా కలుపు.

ఈసారి బుల్నీసియా చెక్కపొట్టు కొంచెం వోడ్కాలో నానబెట్టి, వడగట్టి, ఆ సారాన్ని చుక్కలుగా వేస్తూ రుచి చూడు. ఎక్కువయ్యే భయముండదు. ఇక్కడ లైసెన్సు లేకుండా కాచడం నేరం, ఇంట్లోవాళ్లు అడిగినా మొదలెట్టకు. ఇంకోటి, బుల్నీసియా 2010 నుంచి సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కాగితాలు చూపించేవాళ్ల దగ్గరే కొను.