ముందు ఆ మైనపు బ్లాక్ సంగతి చూడు

చిన్నీ,

నిన్న ఫోన్‌లో మీ అమ్మ చెప్పింది. టాంజానియాలోని దారుస్సలాంలో ఉన్న నీ హాస్టల్ స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ అనీ, అక్కడ ఆపరేషన్ అయిందనీ, మిగతా వైద్యానికి ఆమెను హైదరాబాద్ రప్పించాలని నువ్వు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నావనీ. రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఒకే గదిలో ఉన్న పాపానికి ఇంత చేస్తున్న పిల్ల మా ఇంటి పిల్ల అని గర్వంగా ఉంది. అంతకంటే భయంగా ఉంది. ముప్పై ఏళ్లు క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, ఎక్కడ కాలు జారుతుందో తెలుసు.

మెడికల్ వీసాకు ఇక్కడి ఆస్పత్రి ఉత్తరం కావాలి, తోడొచ్చేవాళ్లకు అటెండెంట్ వీసా వేరే. ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకో. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్ల అభిప్రాయం, మనిషి కదలకుండానే, రిపోర్టులు ఆన్‌లైన్‌లో పంపి తీసుకోవచ్చు. ఇవి నువ్వు చేసుకోగలవు.

గడ్డ ముక్క దాచిన మైనపు బ్లాక్ గురించి మీ అమ్మను అడిగితే "ఏం బ్లాక్?" అంది. అందుకే ఈ ఉత్తరం.

2006లో నా ప్రాణ స్నేహితురాలు గల్ఫ్‌లో నర్సు. నర్సింగ్ స్కూల్లో మాది ఒకే బెంచీ. తనకీ ఇదే జబ్బు, అక్కడే ఆపరేషన్ అయింది. "అన్నీ ఇక్కడ మళ్లీ చేయిద్దాం, నువ్వు ముందు విమానం ఎక్కు" అన్నాను. ఎక్కింది. చేతిలో ఒక్క పేజీ రిపోర్టు. క్యాన్సర్ అని ఉంది, హెర్ టూ పరీక్ష ఊసే లేదు. హెర్ టూ అంటే క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్, అది ఎక్కువుంటే దానికి వేరే మందు ఇవ్వాలి. గడ్డ తీసేశారు కదా, మళ్లీ పరీక్ష చేయడానికి ఒంట్లో ఏముంది? ఆ ముక్క మైనంలో పోతపోసి అక్కడి ల్యాబ్‌లో ఉంది. దాన్నే బ్లాక్ అంటారు. అడిగితే రోగి సంతకం కావాలన్నారు, తర్వాత మనిషే రావాలన్నారు. అది మా చేతికొచ్చేసరికి ఐదు వారాలు. అంతకాలం ఆగకూడదని డాక్టరు కీమో మొదలుపెట్టారు. బ్లాక్ వచ్చాక చూస్తే హెర్ టూ మూడు ప్లస్, అంటే పాజిటివ్. దానికి వాడే ట్రాస్టుజుమాబ్ మందు అప్పట్లో ఒక్కో వయల్ లక్ష పైమాటే. ఉచితంగా ఇచ్చే ట్రయల్, అంటే రోగులతో చేసే మందుల పరిశోధన, ఒకటి నడుస్తోంది, కానీ అంతకుముందు కీమో తీసుకున్నవాళ్లను చేర్చుకోం అన్నారు. మూడేళ్లు బతికింది. ట్రయల్‌లో చేరితే ఇంకా బతికేదని చెప్పలేను, మందు ఇచ్చే గుంపులో పడేదో, ఇవ్వని గుంపులో పడేదో ఎవరికి తెలుసు? కానీ ఆ తలుపు మూసింది నా తొందర. "నీ తప్పేం లేదే" అని తనే నన్ను ఓదార్చేది.

అందుకని ఈ రోజే ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి. బ్లాకులు, స్లైడ్లు, పూర్తి పాథాలజీ రిపోర్టు సంతకం చేసి తీసుకోమను. హెర్ టూ రెండు ప్లస్ అని ఉంటే తేలనట్టే, హెర్ టూ జన్యువును లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయించాలి. ఒక బ్లాక్ అక్కడే ఉంచమని అడగమను. మిగతావి చేతి సంచీలో పెట్టుకోవాలి, చెకిన్ లగేజీలో కాదు.

హెర్ టూ పాజిటివ్ అయితే కంగారు పడకు. 2014 నుంచి మన దేశంలో తయారైన ట్రాస్టుజుమాబ్ దొరుకుతోంది, రేటు బాగా దిగింది. ఇక్కడ కొని సూట్‌కేసులో పంపుదామనుకుంటున్నావట! బుద్ధుందా? అది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మూడు వారాలకోసారి, ఏడాది పాటు ఇవ్వాలి, మధ్యమధ్య గుండెకు ఎకో తీయాలి. ఏడాది పాటు ఇక్కడ గది అద్దె, భోజనం లెక్కేశావా? అవీ తక్కువేం కావు. ఇక్కడ వైద్యం ప్లాన్ రాయించి, ఇంజెక్షన్లు వాళ్ల ఊరి ఓషన్ రోడ్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకునే వీలుందేమో ముందు అడగండి. అమ్మ చేతి వంట, పిల్లల మొహాలు ఆ అమ్మాయికి అక్కడే ఉంటాయి.

ట్రయల్స్ వెతకడానికి డబ్బు అక్కర్లేదు. ట్రయల్స్ నమోదు చేసే మన సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో, అమెరికా వాళ్ల క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో జబ్బు పేరుతో వెతుకు. "రిక్రూటింగ్" అని, అంటే ఇంకా మనుషుల్ని చేర్చుకుంటున్నారని, ఉన్నవే చూడు. ఎవరిని చేర్చుకోరో ఆ జాబితా ముందు చదువు. విదేశీయులను తీసుకుంటారా, ఎన్నిసార్లు రావాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఎవరు భరిస్తారు, అడిగి రాసుకో. ప్రయోగం మందుకు లక్షలు కట్టమన్నవాడితో ఇంకో మాట మాట్లాడకు, ఫోన్ పెట్టెయ్. స్టెమ్ సెల్స్ అంటూ ఆశ అమ్మేవాళ్లు నా కళ్ల ముందే ఇళ్లు అమ్మించారు.

నువ్వు వేళకు తింటున్నావా? మీ అమ్మ లేదంటోంది. ఆ అమ్మాయి సంక్రాంతికి మనింటికొచ్చి అరిసెలు ఒత్తింది, గుర్తుందా? చేతులకంతా నెయ్యి, ఒకటే నవ్వు. ఆ పిల్లకేనా ఇది.

వస్తే మా పైగది ఖాళీగానే ఉంది, మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ కూడా పెట్టించాను. రిపోర్టు ఫొటో రాగానే నాకు పంపు. రాత్రయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ