చేతిని దాచుకోకు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

భుజం స్నాయువు నొప్పికి 12 వారాల వ్యాయామం మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, నీ ఓపిక సంగతి నాకు తెలుసు కదా!

ఫిజియోథెరపిస్టు చూపించినట్టే చెయ్యి. నొప్పి ఉన్న వైపు తిరిగి పడుకోకు. కిందపడి చెయ్యి లేవకపోయినా, భుజం వాచి జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించు.

ఇక నా నిర్వాకం విను. నలభై ఎనిమిదో ఏట నాకూ ఇదే నొప్పి. పైఅరలో డబ్బా అందుకోబోతే కుడి భుజం కలుక్కుమనేది. కదిలిస్తే ఇంకా పాడవుతుందని భయపడి, ఎవరినీ అడగకుండా, మెడకు పట్టీ వేసి చేతిని కట్టేసుకున్నాను. ఆరు వారాలు! సెలవులకు వచ్చిన నువ్వే నాకు జడ వేసేదానివి, వంకర పాపిడి తీసి. పట్టీ విప్పిన రోజు దువ్వెన చెవి దాకా వచ్చి ఆగిపోయింది. అద్దం ముందు కూర్చుని ఏడ్చాను. మళ్లీ నా జడ నేను వేసుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

భుజం బంతిని గుంటలో నిలిపి ఉంచేవి నాలుగు కండరాలు. పని లేకపోతే వాటిని ఎముకకు కలిపే తాళ్లు, అంటే స్నాయువులు, నీరసిస్తాయి, మెల్లగా బరువు పెంచితే ఓర్చుకోవడం నేర్చుకుంటాయి. నాకు మొదట మోచెయ్యి పక్కకు ఆనించి, అరచేతి వెనకవైపుతో గోడను నెట్టమన్నారు. ఇంతేనా అనుకున్నాను. చెమట పట్టింది. రబ్బరు పట్టీ ఆ తర్వాత.

చేసేటప్పుడు పదికి మూడు, నాలుగు పాళ్ల నొప్పి ఉంటే కంగారుపడకు. తెల్లారేసరికి అది ఎప్పటి స్థాయికి దిగాలి. దిగకపోతే మర్నాడు తగ్గించి చెయ్యి. మానేశావో, ఊరుకోను.

ఆ స్కానింగు కాగితం పదేపదే తీసి చదవకు. నొప్పే లేనివాళ్ల భుజాల్లోనూ వయసు పెరిగేకొద్దీ చిరుగులు కనిపిస్తాయి. భుజం పైఎముకను అడుగువైపు గీకే ఆపరేషను చేయించుకోమని తొందరపెట్టే చుట్టాలకు 2018లో ఫిన్లండ్ వైద్యులు ప్రచురించిన సంగతి చెప్పు: ఆ ఆపరేషను చేసినవాళ్లకూ, కెమెరాతో లోపల చూసి ఏమీ గీకకుండా వదిలేసినవాళ్లకూ రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు.

మూడో వారంలో ఏమీ మారలేదనిపిస్తుంది. అప్పుడు ఫోను చెయ్యి. స్పీకరులో పెట్టి, రెండు చేతులూ పైకెత్తి జడ అల్లుకుంటూ తిడతాను.

నీ పెద్దమ్మ