గ్రేడ్ 2 అంటే మాయ ముదిరిపోయినట్టేనా?

ప్రశ్న: మా కోడలికి 32 వారాలు. రిపోర్టులో ‘ప్లాసెంటా గ్రేడ్ 2’ అని రాశారు. బిడ్డ బరువు, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ నార్మల్ అన్నారు. మాయ ముదిరిపోతోందని ఇంట్లో అందరికీ కంగారు. మాయలో ఆక్సిజన్‌ను చూసే ఎమ్మారై కూడా ఉందట. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: వద్దండి. మాయలో సున్నం పేరుకున్న తీరును 0 నుంచి 3 వరకు గ్రేడ్లుగా చెప్పే పద్ధతి 1979 నాటిది. ఎనిమిదో నెలలో గ్రేడ్ 2 మామూలే. మాయ ఎలా పనిచేస్తోందో అది చెప్పదు. నెలలు నిండకుండానే గ్రేడ్ 3 కనిపించి, పైగా బీపీ ఉంటే అప్పుడు పట్టించుకోవాలి.

మీరు నమ్మాల్సింది బిడ్డ ఎదుగుదలను, బొడ్డుతాడు డాప్లర్‌ను. బిడ్డ గుండె రెండు దెబ్బల మధ్య కూడా రక్తం మాయవైపు పారుతూనే ఉండాలి. అది ఆగినా, వెనక్కి మళ్లినా ప్రమాదం. అయితే బిడ్డ కదులుతున్నప్పుడు, ఊపిరి కదలికలప్పుడు తీసిన రీడింగ్ పనికిరాదు. తాడులో బిడ్డ పొట్ట దగ్గర రక్తప్రవాహానికి నిరోధం ఎక్కువ, మాయ దగ్గర తక్కువ. అందుకే మధ్యలో తేలే మెలిక దగ్గర కొలుస్తారు. ఒక్క రీడింగ్ తేడాగా వస్తే, కాసేపాగి మళ్లీ చూడమనండి.

ఇక ఎమ్మారై. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని కాస్త చెదరగొడుతుంది, దాంతో ఎమ్మారై సిగ్నల్ త్వరగా పడిపోతుంది. అలా పడిపోవడానికి పట్టే సమయాన్నే ‘టీ2 స్టార్’గా కొలుస్తారు. ఇంజెక్షన్ అక్కర్లేదు. ఎమ్మారైలో ఇంజెక్షన్‌గా ఇచ్చే గాడోలినియం మందు మాయ దాటి బిడ్డకు చేరుతుంది కనుక దాన్ని వాడరు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2014లో మొదలుపెట్టిన హ్యూమన్ ప్లాసెంటా ప్రాజెక్టు ఇలాంటి పద్ధతుల కోసమే. చిక్కల్లా కొలతలతోనే. స్కాన్ మధ్యలో నొప్పి తెలియకుండా గర్భసంచి బిగిసినా టీ2 స్టార్ విలువ పడిపోతుంది. వెల్లకిలా పడుకుంటే పెద్ద సిర నొక్కుకుంటుంది, ఎడమవైపుకు ఒరిగించాలి. పైగా నెలలు పెరిగేకొద్దీ ఆ విలువ సహజంగానే తగ్గుతుంది. టెస్లా అంటే అయస్కాంత శక్తి కొలమానం; 1.5 టెస్లా మిషన్ అంకెను 3 టెస్లా అంకెతో పోల్చకూడదు. అందుకే ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. పాత సిజేరియన్ మచ్చకు మాయ అతుక్కుందన్న అనుమానం ఉంటే మాత్రం మామూలు ఎమ్మారై నిజంగానే ఉపయోగం. ఆ ఖర్చు అప్పుడు పెట్టండి.

బిడ్డ బరువు కోసం మళ్లీ స్కానింగ్ కనీసం రెండు వారాల తర్వాతే. అంతకు ముందైతే పెరుగుదలేదో, కొలతలో పొరపాటేదో తేలదు. బిడ్డ కదలికలు తగ్గినా, బీపీ 140/90 దాటినా, తలనొప్పితో కళ్లు మసకబారినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. మీ డాక్టరు దగ్గరికో, కేజీహెచ్‌కో, ఘోషాసుపత్రికో ఆ పూటే తీసుకెళ్లండి. పాత రిపోర్టులన్నీ వెంట ఉండాలి.